స్ట్రింగ్స్‌తో రికార్డింగ్‌కి వెళ్తున్న అబ్బాయికి

నాయనా,

ఆశీస్సులు. స్ట్రింగ్స్ వాళ్లు, అంటే వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాల వాళ్లు, పది మందితో నీ సాక్సోఫోన్ మీద ఐదు స్లో పాటలు రికార్డు చేస్తున్నానని, టెన్షన్‌గా ఉందని రాశావు. నేను సాక్సోఫోన్ ఎప్పుడూ పట్టలేదు. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ముప్పై ఏళ్లు వయొలిన్ల వరసలో కూర్చున్నాను. నీ వెనక కూర్చునేవాళ్లకి ఏం కావాలో మాత్రం చెప్పగలను.

ముందు జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ స్ట్రింగ్స్‌తో చేసిన రికార్డులు విను. 1949 నవంబరు 30న న్యూయార్క్‌లో ఆరు పాటలు చేశారు. అప్పటికి ఆయనకి 29 ఏళ్లు. మూడు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, హార్ప్, మిచ్ మిల్లర్ వాయించిన ఓబో అనే ఊదే వాద్యం, వీటితోపాటు పియానో, బేస్, డ్రమ్స్. అంతే బృందం. అంత వేగంగా వాయించే మనిషి జనం కోసం మెత్తబడ్డాడని కొందరు నొచ్చుకున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. స్ట్రింగ్స్ కావాలని నిర్మాత నార్మన్ గ్రాంజ్‌ని అడిగింది ఆయనే. ‘జస్ట్ ఫ్రెండ్స్’ విను, ఎంత ఇష్టంగా వాయించాడో నీకే తెలుస్తుంది. తర్వాత ‘సమ్మర్‌టైమ్’ విను. అన్ని స్వరాలు చేతిలో ఉన్న మనిషి అక్కడ ట్యూన్‌ని పెద్దగా వదిలిపోడు.

మన కచేరీ వేరు. కద్రి గోపాల్‌నాథ్ గారు సాక్సోఫోన్ మీద రాగం తీస్తుంటే మన విజయనగరం కన్యాకుమారి గారు వయొలిన్ మీద నీడలా వెంట వచ్చేవారు. స్ట్రింగ్స్ సెక్షన్ అలా రాదు నాయనా. మా ముందు కాగితం ఉంటుంది, కండక్టర్ చెయ్యి ఉంటుంది. నీకు కొత్త ఊహ వచ్చినా మేం పక్కకి తిరగలేం. అందుకని నీ పార్ట్ ఒక్కటే కాదు, మా స్కోరు, అంటే అందరి స్వరాలూ రాసిన కాగితం, కూడా చదువు. మేం ఒకే స్వరం మీద నిలిచిన చోట నువ్వు కదులు. మేం కదిలే చోట నువ్వు నిలబడు, లేదా ఊరుకో.

ఒకసారి ఒక స్లో పాటకి సాక్సోఫోన్ వాయించే ఆయన ఖాళీ కనిపించిన ప్రతిచోటా దూరిపోతున్నాడు. చెల్లోకి నాలుగు బార్ల (తాళం ఆవర్తాల్లాంటివి) లైన్ ఉంది, పాట మొత్తానికి అదొక్కటే. మూడు టేకులు అయినా అది వినపడలేదు. చెల్లో ఆయన ఏమీ అనలేదు, బో (కమాను) మోకాలి మీద పెట్టుకుని నోటేషన్ వంక చూస్తూ కూర్చున్నాడు. అది గమనించి నాలుగో టేకులో సాక్సోఫోన్ ఆయన ఆ నాలుగు బార్లూ మౌత్‌పీస్ నోట్లోంచి తీసేసి నిలబడ్డాడు. చెల్లో ఆఖరి స్వరం ఇంకా మోగుతుండగా మెల్లగా అందుకున్నాడు. ఆ టేకే ఓకే అయింది.

శ్రుతి దగ్గర జాగ్రత్త. స్టూడియోలో ఏసీకి నీ వాద్యం చల్లబడి శ్రుతి దిగిపోతుంది. పావుగంట ముందే ఊది వెచ్చబెట్టుకో. మేం శ్రుతి చేసుకునే ‘ఏ’ స్వరం నీ ఆల్టో సాక్సోఫోన్‌లో ఎఫ్ షార్ప్, దాన్ని మాతో కలిపి చూసుకో. మెల్లగా ఊదినప్పుడు సాక్సోఫోన్ పైకి పోతుంటుంది, స్లో పాటల్లో అదే గొడవ. పొడుగు స్వరాన్ని ముందు నిటారుగా పట్టు, వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) చివర్లో వెయ్యి. వయొలిన్లన్నీ వణుకుతుంటే నువ్వూ మొదటి నుంచీ వణికితే ఎవరి స్వరం ఎక్కడుందో తెలీదు.

పాటల సాహిత్యం కంఠతా పట్టు. జాజ్ సాక్సోఫోన్ వాయించే డెక్స్‌టర్ గోర్డన్ స్లో పాట ఎత్తుకునే ముందు దాని మాటలు శ్రోతలకి చదివి వినిపించేవాడు. మాట ఎక్కడ తెగుతుందో తెలిస్తే ఊపిరి ఎక్కడ తీయాలో తెలుస్తుంది.

డబ్బు సరిపోతే అందరూ ఒకే గదిలో కలిసి వాయించండి. చెవిలో క్లిక్ (లయ చెప్పే టిక్ టిక్ శబ్దం) పెట్టి విడివిడిగా చేస్తే ఇలాంటి పాటలో ఊపిరి పోతుంది.

మౌత్‌పీస్‌కి బిగించే రీడ్స్ రెండు ఎక్కువ పెట్టుకో. స్కోరు నకలు నాకు పంపించు, చెల్లో లైన్ల దగ్గర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

మీ పెదనాన్న