అది బకెట్ల పని కాదమ్మా

ప్రశ్న: మాది సింగరాయకొండ. మా అబ్బాయి ఒంగోలులో మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఫ్యాక్టరీలకు కావలసిన ప్లాస్టిక్ పార్టులు ఆర్డరు మీద చేసిచ్చే చిన్న కంపెనీ ఒకటి చెన్నై అంబత్తూరు నుంచి రమ్మంటోంది. వాళ్ల నాన్నేమో "ప్లాస్టిక్ అంటే బకెట్లు, మగ్గులేగా! ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమను" అంటున్నారు. వాడు వెళ్తానని పట్టుబట్టాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బకెట్టును అచ్చులో తీస్తారు. ఆ అచ్చు చేయించడానికే లక్షలవుతుంది కాబట్టి వేల బకెట్లు తీస్తేగానీ గిట్టదు. ఫ్యాక్టరీలో అరిగిపోయిన గేర్లు నాలుగు కావాలంటే ఎవరూ అచ్చు చేయించరు. నైలాన్ కడ్డీనో, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మెనో తెచ్చి, డ్రాయింగ్ చూసుకుంటూ లేత్ మీద, మిల్లింగ్ మీద చెక్కిస్తారు. వడ్రంగి కొయ్యను తరిణె పట్టినట్టే. మీ అబ్బాయిని పిలిచింది ఈ పనికి.

ఇనుము చెక్కడం వస్తే ప్లాస్టిక్ ఎంతపని అనుకుంటారు గానీ, చెయ్యి తిరిగిన టర్నర్లు కూడా ఇక్కడ తడబడతారు. ముక్కను పట్టి ఉంచే చక్ కాస్త గట్టిగా బిగిస్తే జాబ్, అంటే చెక్కే ముక్క, నొక్కుకుపోతుంది. చెక్కాక వదిలేస్తే మళ్లీ సాగి, గుండ్రం తప్పుతుంది. టూలు మొద్దుబారితే కోయడం మానేసి కరిగిస్తుంది. 100 మిల్లీమీటర్ల నైలాన్ ముక్క పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, ఉక్కు పన్నెండే. మన ఎండల్లో పొద్దున కొలిచినది మధ్యాహ్నం వేరే కొలత చూపిస్తుంది. పైగా నైలాన్ నీళ్లు పీలుస్తుంది. షెడ్డులో షాఫ్టు చుట్టూ సరిగ్గా కూర్చున్న బుష్షు, అంటే గొట్టం లాంటి ముక్క, రొయ్యల చెరువులో ఏరేటర్‌కు వేశాక ఉబ్బి షాఫ్టును పట్టేయవచ్చు. ఆ ఉబ్బును ముందే లెక్కేసి రంధ్రం కాస్త వదులుగా పెట్టేవాణ్ణి, లేదా "ఇక్కడ నైలాన్ వద్దు, నీళ్లు అంతగా పీల్చని డెల్రిన్ వేద్దాం" అని చెప్పగలిగినవాణ్ణి కంపెనీలు వదులుకోవు. డిప్లొమా పుస్తకాల్లో దీనికి నాలుగు పేజీలుంటే గొప్ప.

అందుకే నేను పని మంచిదా కాదా అని అడగను, ఆ షాపు, అంటే వర్క్‌షాపు, మంచిదా అని అడుగుతాను. ఈ ప్రశ్న వేసుకోకుండానే ఇదివరకు ఒక కుర్రాణ్ణి ఇలాంటి చోటికే పంపాను. ఆర్నెల్లు బ్లేడుతో అంచుల్లో మిగిలే గరుకు (బర్) గీకించారు, కొలతలు తీసే మైక్రోమీటర్ చేతికివ్వలేదు. తిరిగొచ్చేశాడు. తప్పు నాది కూడా.

మీ అబ్బాయిని ముందు ఒక రోజు వెళ్లి చూసి రమ్మనండి. సింగరాయకొండలో రైలెక్కితే అదేమంత దూరం కాదు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్‌కు ప్రోగ్రాం ఎవరు రాస్తారు, కొత్తవాళ్లకు ఎప్పుడు నేర్పిస్తారు అని అడగాలి. కొన్నవాళ్లు తిప్పి పంపిన జాబ్‌లు ఎందుకు పోయాయో చూపించమనాలి. ఈ మాటకు చిరాకు పడే సూపర్‌వైజర్ దగ్గర నేర్చుకోగలిగేది తక్కువ. టెఫ్లాన్ చెక్కేచోట సిగరెట్ తాగుతున్నారేమో కూడా గమనించమనండి. ఆ పొడి సిగరెట్ నిప్పుకు కాలి పొగ లోపలికి పోతే జ్వరం వస్తుంది. అది తెలియని షాపుకు ఇంకా చాలా తెలియవు.

జీతం మొదట్లో తక్కువే, గది అద్దెకూ తిండికీ చాలామటుకు పోతుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ కడతారా అన్నది మాత్రం గట్టిగా అడగాలి.

ఈసెట్ గురించి మీవారు చెప్పింది కొట్టిపారేసేది కాదు, నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈసారి రాయనివ్వండి. కానీ పేరుకే నడిచే కాలేజీలో సీటొస్తే, దానికన్నా మంచి షాపులో రెండేళ్లు నయమంటాను నేను. వచ్చే ఏడాదైనా ఈసెట్ రాసుకోవచ్చు, కాకపోతే లెక్కలు మరిచిపోకుండా చూసుకోవాలి. చెన్నై గిండీలో 1968 నుంచి సిపెట్ ఉంది, ప్లాస్టిక్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. మెకానికల్ డిప్లొమా చేసినవాళ్లకు సిపెట్‌లో ప్లాస్టిక్ మౌల్డ్ డిజైన్‌లో ఏడాదిన్నర పోస్ట్ డిప్లొమా ఉంటుంది. అది అచ్చుల దారి, ఈ పని తెలిసినవాడికి తేలిగ్గా అబ్బుతుంది.

షాపు నచ్చితే పంపండి. బాండ్ రాయమంటే చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. మార్కుల మెమోలు, టీసీ ఒరిజినల్స్ మీ బీరువాలోనే ఉంచి, జిరాక్సులిచ్చి పంపండి.