రెండు ర్యామ్‌లూ ఒకే దారిలో పెట్టినావు

తిరుపతి

చిరంజీవి అబ్బోడికి పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన నీ కంప్యూటర్ లోపలి ఫొటో చూసినాను. 8 జీబీ ర్యామ్‌లు, అదే ప్రాసెసర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ పట్టీలు, రెండింటినీ ప్రాసెసర్ పక్కనుండే మొదటి రెండు స్లాట్లలో పెట్టేసినావు. మొత్తం 16 జీబీ చూపిస్తా ఉంది కాబట్టి అంతా సరిగానే ఉందనుకుంటివి.

మన కొండకి 1944లో వేసింది ఒక్క ఘాట్ రోడ్డే. ఎక్కే బండ్లూ దిగే బండ్లూ దాని మీదే. 1974లో రెండోది వచ్చినాకే ఆ ఒత్తిడి తగ్గింది. ఇవన్నీ తగిలించే నీ మదర్‌బోర్డులోనూ ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ నడుమ రెండు దారులున్నాయి, ఛానెల్ ఏ, ఛానెల్ బీ. ఒక్కోటి 64 బిట్ల వెడల్పు. నువ్వు రెండు ర్యామ్‌లనూ ఏ దారికే తగిలించినావు, బీ ఖాళీగా పడుంది. నీ డీడీఆర్4 రకం, 3200 వేగం ర్యామ్‌కి ఒక దారిలో సెకనుకి 25.6 జీబీ, రెండూ కలిస్తే 51.2. ఇది కాగితం మీది లెక్కే. టైపింగ్ పనిలో తేడా కనిపించదు. కానీ నీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, బొమ్మ గీసే పని కూడా ఈ ర్యామ్ మీదే పడుతుంది. గేములు ఆగి ఆగి నడిచేది చాలావరకు అందుకే.

ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ఇదే వరుస, అయినా మాన్యువల్ తీసి చూసుకో. ముందుగా ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో. క్యాబినెట్ ఇనుము తాకినాకే ర్యామ్ ముట్టుకో. ర్యామ్ అంచున ఉండే గాటు స్లాట్‌తో సరిచూసి, టక్‌మని పడేదాకా రెండు చివరలా ఒత్తు. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన కంప్యూటర్‌లో ర్యామ్ సగమే కూర్చోబెట్టి, తెర రాకపోతే బోర్డు పోయిందని చెప్పేసినాను. ఆయన కొత్త బోర్డుకి డబ్బు తెచ్చినాక గాని తప్పు నాకు తెలియలేదు. ఆయన ముఖం ఇప్పటికీ మరువలేను.

తర్వాత కంప్యూటర్ లోపలి వివరాలు చూపించే సీపీయూ-జీ ప్రోగ్రామ్ తెరిచి మెమరీ పేజీ చూడు. ఛానెల్ ఎదురుగా డ్యూయల్ అనో, రెండు ఇంటూ 64 బిట్ అనో ఉండాల. కింద వేగం 1600 దగ్గర కనిపిస్తే కంగారుపడొద్దు, దాన్ని రెట్టింపు చేస్తేనే 3200. 1066 గానీ 1333 గానీ కనిపిస్తే మాత్రం బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి, ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు అది. కానీ రెండు మార్పులూ ఒకేసారి వద్దు. ముందు స్లాట్ మార్చి ఒక రోజు వాడు, అంతా నిలకడగా ఉంటే అప్పుడు ఎక్స్‌ఎంపీ.

ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపించు.

మీ పెదనాన్న