రెండేళ్ల పాప పక్క పిల్లలతో కలిసి ఆడకపోతే టెన్షన్ పడాలా?

అక్కర్లేదండీ. పక్కింటి బాబు పక్కనే కూర్చుని ఎవరి గిన్నెలు వాళ్లు మోగించుకుంటున్నారంటే అది ఆ వయసుకు తగ్గ ఆటే, 1932లోనే మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు దీన్ని సమాంతర ఆటగా గుర్తించారు. కలిసి ఒకే ఆట నడిపించడం చాలామందికి మూడు, నాలుగేళ్లకు గానీ రాదు. అందుకే "షేర్ చెయ్" అంటూ బొమ్మ లాక్కుని పక్కవాళ్లకి ఇవ్వకండి. ఒకేలాంటివి రెండేసి పెట్టండి, రెండు స్టీలు గ్లాసులు, రెండు గరిటెలు చాలు.

ఇంకొన్నాళ్లకి ఉత్తి గ్లాసులో మీకు టీ తెచ్చిస్తుంది చూడండి, అప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఊదుకుంటూ తాగండి, "చక్కెర సరిపోలేదమ్మా" అనండి, తను మళ్లీ వంటింట్లోకి పరిగెడుతుంది, మాటలు అక్కడే పెరుగుతాయి. ఐదేళ్లకి వామనగుంటలు నేర్పండి, తన వంతు వచ్చేదాకా ఆగడం అందులో బాగా అలవాటవుతుంది. అప్పటిదాకా చింతగింజలు మాత్రం కింద వదలొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.

పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోయినా, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోయినా ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.