ఇంకు గీత, అచ్చు గీత

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మహేంద్రగిరి మీది గుడి బొమ్మ ఇంక్ పెన్నుతో వేసి కాలేజీ మ్యాగజైన్‌కి ఇస్తే అచ్చులో నీడంతా నల్లగా ముద్దయిపోయింది. ఇప్పుడదే బొమ్మ మా చుట్టాలు పెళ్లికార్డు మీద చిన్నగా కావాలంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, నీ చెయ్యి బాగానే ఉంది, కాగితమే వేరు. మ్యాగజైన్ల చవక కాగితం ఇంకు పీల్చుకుంటుంది, గీత కాస్త లావెక్కుతుంది, దగ్గరదగ్గరగా గీసిన గీతల మధ్య తెలుపు మూసుకుపోతుంది. అందుకే నీడ దగ్గర గీతలు దూరం జరిపి గియ్యి, ఆ తెలుపు వదలడంలోనే అసలు పనితనమంతా ఉంది.

కార్డుకి మాత్రం పాత బొమ్మ కుదించొద్దు, 0.1 మిల్లీమీటర్ గీత సగం సైజుకి తెస్తే 0.05 అవుతుంది, అచ్చులో తెగిపోతుంది. అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లు పెట్టుకుని మళ్లీ కొత్తగా వెయ్యి, గుడి అంచుగీతలు, నాలుగు రాళ్లు చాలు, నీడలొద్దు. ఫోన్‌తో ఫొటో తీసి పంపకు, తెలుపంతా బూడిదరంగు పడుతుంది, 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తగ్గకుండా స్కాన్ చేయించు. రంగు కూడా వేస్తానంటే వాటర్‌ప్రూఫ్ ఇంకే కొను, మామూలు ఫౌంటెన్ పెన్ ఇంకు తడి తగిలితే చాలావరకు పాకిపోతుంది.