డాబా మీద కూర్చుంటే పారిపోతున్నట్టేనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, మాది ఏలూరు. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఆయన కట్టిన ఇంటి పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి అన్నయ్య మాట్లాడటం మానేశాడు. సంవత్సరీకం కూడా ఎవరింట్లో వాళ్ళం పెట్టుకున్నాం. కొన్నాళ్ళుగా నిద్ర పట్టక రాత్రుళ్ళు డాబా ఎక్కి చుక్కలు చూస్తూ కూర్చుంటున్నాను, అక్కడ ప్రాణం తేలికపడుతోంది. మా ఆవిడేమో "సమస్య కింద పెట్టుకుని పైన కూర్చుంటే తీరుతుందా" అంటోంది. నేను పారిపోతున్నానా?

జవాబు: లేదండీ, పారిపోవడం లేదు. పక్క మీద దొర్లుతూ అన్నయ్య అన్న మాటల్నే పదిసార్లు తిరగేసుకోవడం కన్నా మీరు చేస్తున్నది వెయ్యి రెట్లు మంచిది. తల పైకెత్తి అంత పెద్ద ఆకాశాన్ని చూస్తున్నప్పుడు కాసేపైనా "నాకు అన్యాయం జరిగింది" అనే మాట వెనక్కి తగ్గుతుంది, ఊపిరి నిదానమవుతుంది, ఆ తేలిక నిజమైనదే, దాన్ని అనుమానించకండి.

కానీ ఫోన్ కింద వదిలేసి వెళ్ళండి. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి స్క్రీన్ చూశారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది: అర్ధరాత్రి అన్నయ్యకి మెసేజ్ పెట్టాలనిపిస్తుంది, ఆ వేళలో రాసింది ఎంత మంచిగా రాసినా పొద్దున చదివేవాళ్ళకి నిష్ఠూరంగానే కనిపిస్తుంది.

ఈ పుష్య మాఘ మాసాల్లో రాత్రి తొమ్మిదీ పదీ మధ్య దక్షిణానికి తిరిగి నిలబడితే బాగా ఎత్తున ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. ఆ గీతను ఎడమ వైపుకి సాగదీసుకుంటూ వెళ్ళండి, తెల్లగా మిలమిలలాడుతూ ఒక పెద్ద చుక్క తగులుతుంది. మృగవ్యాధుడు అంటారు, ఇంగ్లీషులో సిరియస్. రాత్రి ఆకాశంలో దాన్ని మించి వెలిగే నక్షత్రం లేదు. దాని వెలుగు మన దాకా రావడానికి దాదాపు ఎనిమిదిన్నర ఏళ్ళు పడుతుంది. అంటే ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు అక్కడ బయలుదేరేనాటికి మీ నాన్నగారు ఉన్నారు. పంపకాల మాటే లేదు, మీరూ అన్నయ్యా ఒకే గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉన్నారు. నాకు ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. మీకు ఏడుపొస్తే ఆపుకోకండి. నాన్న కోసం మీరిద్దరూ సరిగ్గా ఏడవలేదేమో, ఆ దుఃఖమే గోడలూ గజాల గొడవగా బయటికొస్తోందేమో అని నా అనుమానం.

ఒక్క జాగ్రత్త. "ఇంత విశ్వంలో మనమెంత, ఇల్లెంత, పోతే పోనీ" అని మాత్రం అనుకోవద్దు. అది శాంతి కాదు, నీరసం. నాన్నగారి స్వార్జితానికి వీలునామా లేకపోతే మీ ఇద్దరితో పాటు అమ్మగారికీ, అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకీ సమాన వాటా ఉంటుంది. కోర్టు దాకా పోకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ ద్వారా రాజీ చేసుకోవచ్చు. ఆ పని పగటిపూట, కాగితాలు ముందు పెట్టుకుని చేయండి.

నిద్ర లేకపోవడం ఇలాగే సాగుతున్నా, తిండి సయించకపోయినా, బతకాలని లేదనిపించినా డాబా చాలదు, డాక్టర్‌ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీ ఆవిడ. ఆమెకి కోపం చుక్కల మీద కాదు, మీరు ఒక్కరే పైకి వెళ్ళిపోతున్నందుకు. రేపు ఇంకో చాప పట్టుకెళ్ళి ఆమెనీ పిలవండి, ఆ మూడు చుక్కలూ చూపించండి. తర్వాత ఒక ఆదివారం పొద్దున కాఫీలయ్యాక అన్నయ్యకి ఫోన్ చేయండి. ఇంటి మాట ఎత్తొద్దు. తద్దినానికి ఇంకా ఆరు నెలలుంది కదా, ఈసారి ఎవరింట్లో పెడదాం అన్నయ్యా అని అడగండి, అంతే.