ఫౌంటెన్ ఉన్న తొట్టిలో కలువలు బతుకుతాయా?

ప్రశ్న: మా ఇంటి ముందు నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న సిమెంటు తొట్టి కట్టించి, మధ్యలో చిన్న ఫౌంటెన్ పెట్టించాం. మామిడి చెట్టు పక్కనే ఉండటంతో పొద్దున నాలుగైదు గంటలే ఎండ తగులుతుంది. రెండు కలువ మొక్కలు వేస్తే ఆకులు నల్లబడి కుళ్లిపోయాయి. తెలిసినవాళ్లు గుర్రపుడెక్క ఇస్తామంటున్నారు, వేయొచ్చా? దోమలొస్తాయని పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారు. – ఓ పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: ముందు గుర్రపుడెక్క సంగతి చెబుతానమ్మా. వద్దు, ఒక్క మొక్క కూడా వద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క మన చెరువులను ఏం చేసిందో మీ దగ్గరి కాప్రా చెరువు కట్ట మీద నిలబడితే తెలుస్తుంది. తొట్టి నిండగానే తీసి బయట పడేస్తారు, వానకు అది నాలాలోకి, అక్కణ్నుంచి చెరువులోకి చేరుతుంది. చెరువు మట్టి కూడా తేకండి. దాని గింజలు మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి.

మీ కలువలు పోవడానికి కారణం ఫౌంటెనే అనుకుంటున్నాను. మామూలు మొక్కలకు గాలి పీల్చే రంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగున ఉంటాయి. కలువ ఆకు అడుగుభాగం నీళ్లకు ఆని ఉంటుంది కాబట్టి దానికి ఆ రంధ్రాలు పైన ఉంటాయి. పొద్దస్తమానం పైనుంచి నీళ్లు పడుతుంటే ఆకు కుళ్లక ఏం చేస్తుంది? పైగా కలువకు కదలని నీళ్లంటేనే ఇష్టం. ఫౌంటెన్‌ను తొట్టిలో ఓ మూలకు జరిపించి, నీళ్లు ఎగజిమ్మకుండా బుడగల్లా పొంగేంత వరకు తగ్గించండి. రెండో మూల కలువకు వదిలేయండి.

తామర జోలికి వెళ్లకండి. దానికి ఆరు గంటలకు తగ్గని ఎండ కావాలి, మీ నీడలో ఆకులే తప్ప పూలు రావు. మీకున్న ఎండకు మన నాటు కలువలు నయం. పగలంతా మీరు ఆఫీసులో ఉండేవారైతే రాత్రి పూసే ఎర్ర కలువ అడగండి. పొద్దుగూకాక విచ్చుకుని మర్నాడు పొద్దెక్కే దాకా ఉంటుంది. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెట్టినప్పుడు వెళ్తే రకాలన్నీ ఒక్కచోట చూసుకోవచ్చు.

నాటడంలోనే చాలామంది తొందరపడతారు. కొబ్బరిపొట్టు కలిపిన కుండీ మట్టి నీళ్లలో తేలిపోతుంది, అది పనికిరాదు. అడుగు వెడల్పున్న, చిల్లుల్లేని ప్లాస్టిక్ టబ్బులో జిగురున్న నల్లమట్టి నింపండి. అడుగున గుప్పెడు వర్మీకంపోస్టు చాలు, పచ్చి పేడ వేస్తే నీళ్లు నాచుపట్టి ఆకుపచ్చగా మారతాయి. దుంప మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా బయటికి కనిపించాలి. దాని చుట్టూ మట్టి మీద సన్న గులకరాళ్లు పరవండి, చేపలు మట్టిని కెలకవు. టబ్బును ఒకేసారి అడుక్కి దించొద్దు. ఇటుకల మీద పెట్టి, మొవ్వు మీద అరడుగు నీళ్లుండేలా చూడండి. కొత్త ఆకులు పైకి తేలాక ఒక ఇటుక తీయండి.

ఫౌంటెన్ పక్కన నీళ్లు చిందినా తట్టుకునేవి కావాలి. అంబ్రెల్లా పామ్, మెట్టతామర, వస, మూడూ నిక్షేపంగా పెరుగుతాయి. వీటిని కూడా టబ్బుల్లోనే ఉంచండి. జమ్ము మాత్రం వద్దు, చిన్న తొట్టిని మొత్తం వేళ్లతో ఆక్రమిస్తుంది.

పక్కింటివాళ్ల భయం న్యాయమైనదే. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి మన ఎండల్లో వారం పదిరోజులు చాలు. కదిలే నీళ్లలో దోమ గుడ్లు పెట్టదు కానీ, మీరు కలువ కోసం వదిలిన మూలలో పెడుతుంది. అందుకే పది గప్పీ చేపలు వదలండి, పిల్లపురుగుల్ని అవే తినేస్తాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లలో పట్టి ఓ రోజు ఎండలో ఉంచాకే తొట్టిలో పోయండి.

మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టించే రోజు తొట్టి మీద పట్టా కప్పడం మరచిపోకండమ్మా. నాలుగు చుక్కలు పడినా చేపలు చచ్చిపోతాయి.