లైన్లో నిలబడే ముందే తేల్చుకో

చిన్నా,

ఆస్టిన్‌లో ఉద్యోగంలో చేరావో లేదో, మీ టీమ్ వాళ్లు బార్బెక్యూకి రమ్మన్నారట కదా. అక్కడ ఏం తినాలో, ఎలా అడగాలో తెలియక కంగారు పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడాల్సినంత విషయం కాదు. కాకపోతే కౌంటర్ దాకా వెళ్లాక ఆలోచిద్దాంలే అనుకుంటే మాత్రం తడబడతావు.

ముందు హైదరాబాద్ బార్బెక్యూని మర్చిపో. టేబుల్ మధ్యలో నిప్పులు, పుల్లలకు గుచ్చిన పనీరు, రొయ్యలు, చాలనేదాకా వడ్డన, అవేవీ టెక్సస్ బార్బెక్యూలో ఉండవు. పొడవాటి ఇనప పొయ్యిలో ఒక చివర ఓక్ కట్టెలు మండుతుంటాయి. ఆ వేడికీ పొగకీ మాంసం రెండో వైపు నెమ్మదిగా మగ్గుతుంది. మసాలా అంటే చాలాచోట్ల ఉప్పు, మిరియాలు, అంతే. బ్రిస్కెట్ అనేది పశువు రొమ్ము కండ, బాగా గట్టిది. అది మెత్తబడటానికి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నువ్వు మధ్యాహ్నం తినేది ముందు రోజు పొయ్యెక్కిన ముక్క అన్నమాట. అందుకే అయిపోయిందంటే అయిపోయినట్టే, అప్పటికప్పుడు ఇంకోటి వండి పెట్టలేరు. ఆస్టిన్‌లో ఫ్రాంక్లిన్ లాంటి పేరున్న బార్బెక్యూ కొట్టు దగ్గర 11 గంటలకు తలుపులు తీస్తే జనం పొద్దున్నే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. మంచి హోటళ్లకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ 2024లో మొదటిసారి టెక్సస్‌కి వచ్చి ఒక్క ఆస్టిన్‌లోనే లా బార్బెక్యూ, ఇంటర్‌స్టెల్లర్, లీరాయ్ అండ్ లూయిస్ అనే మూడు బార్బెక్యూ కొట్లకీ తలో స్టారు ఇచ్చింది. ఇక ఆ లైన్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. బ్రిస్కెట్ అంటే బీఫ్. నువ్వు తింటావో తినవో నేను అడగను, మీ అమ్మకీ చెప్పను. కానీ తినేది తెలిసి తిను, మానాలనుకుంటే తెలిసి మానెయ్. తిననంటే నీకు టర్కీ కోడి ఉంది, పోర్క్ రిబ్స్ ఉన్నాయి, కొన్నిచోట్ల చికెన్ ఉంటుంది. టర్కీని తక్కువగా చూడకు, బాగా చేసేచోట అది వెన్నలా ఉంటుంది. సాసేజ్ దగ్గర మాత్రం జాగ్రత్త. పోర్క్ అనుకున్న దాంట్లో బీఫ్ కూడా కలిపి ఉండొచ్చు, అడగాల్సిందే. బీన్స్ చూడ్డానికి రాజ్మాలా అమాయకంగా ఉంటాయి గానీ, చాలాసార్లు వాటిలో బేకన్ అనే పంది మాంసం ముక్కలో, మిగిలిన బ్రిస్కెట్ ముక్కలో పడతాయి. ఫ్రైస్ కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు. పైగా అన్ని మాంసాలూ ఒకే చెక్క మీద, ఒకే కత్తితో కోస్తారు. నీకు ఆ పట్టింపు ఉంటే ముందే చెప్పి వేరే కత్తి అడుగు. రద్దీ వేళ కుదరదన్నా అనొచ్చు. అలాంటప్పుడు కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్, పొటాటో సలాడ్, మ్యాక్ అండ్ చీజ్‌తో సరిపెట్టుకో. వాటిలోనూ మాంసం లేదని అడిగే తీసుకో. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లకి అలవాటే.

కౌంటర్ దగ్గర ప్లేట్ లెక్క ఉండదు, తూకం లెక్క. మనిషికి అర పౌండు, అంటే దాదాపు 225 గ్రాములు, ఎక్కువే అవుతుంది. రెండు మూడు రకాలు తీసుకుంటే ఒక్కోటి పావు పౌండు చాలు. బ్రిస్కెట్ అడిగితే "లీనా, మాయిస్టా" అంటాడు. లీన్ అంటే కొవ్వు తక్కువ, కాస్త పొడిగా ఉంటుంది. మాయిస్ట్ అంటే కొవ్వున్న వైపు, రుచంతా అక్కడే. మొదటిసారి తినేవాడికి నేనైతే మాయిస్టే చెప్తాను. బీఫ్ రిబ్ జోలికి మాత్రం ఒంటరిగా పోకు. ఒక్క ఎముకే పౌండు పైన తూగుతుంది, ఎముకకీ మాంసం ధరే. బిల్లు చూసి నోరెళ్లబెడతావు. బ్రిస్కెట్ కూడా చాలాచోట్ల పౌండు 30 డాలర్లు దాటింది. పచ్చి ముక్క పొయ్యి మీద దాదాపు సగం బరువు కోల్పోతుంది కాబట్టి ఆ ధరకి వాళ్లని తప్పుపట్టలేం.

ముక్క అంచున గులాబీ రంగు గీత కనిపిస్తే ఉడకలేదని పక్కన పెట్టకు. పొగలోని వాయువు మాంసంలోని రంగు పదార్థంతో కలిస్తే వచ్చే రంగు అది. పైనున్న నల్లటి పెచ్చు కూడా మాడింది కాదు, అదే ముందు తిను.

సాస్ సీసా కనబడగానే ముక్కని ముంచెయ్యకు. ఆస్టిన్‌కి దక్షిణంగా ఉన్న లాక్‌హార్ట్‌లో క్రూజ్ మార్కెట్ అని 1900లో మొదలైన కొట్టుంది. వాళ్లు ఎన్నో ఏళ్లు సాసూ పెట్టలేదు, ఫోర్కూ ఇవ్వలేదు. ముందు ఉత్త ముక్క రెండు సార్లు తిని చూడు, తర్వాత నీ ఇష్టం. పక్కన ఊరికే పెట్టే పచ్చి ఉల్లిపాయ, పికిల్స్, హాలపీనో మిరపకాయలు మాత్రం ధారాళంగా తెచ్చుకో. కారం లేదని నువ్వు గొణిగేది ఎలాగూ ఖాయం. చేత్తో తింటే ఎవరూ వింతగా చూడరు, అందరూ అంతే.

మిగిలింది కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకో. మైక్రోవేవ్‌లో పెడితే గట్టిపడిపోతుంది, ఫాయిల్ చుట్టి ఓవెన్‌లో సన్నటి వేడి మీద వేడి చెయ్. మీ రూమ్మేట్ శాకాహారి అన్నావుగా, ఫ్రిజ్‌లో పెట్టే ముందు ఆ అబ్బాయికి ఒక మాట చెప్పు.

మీ పెదనాన్న